చర్చి వదిలిన పాదిరి, బస్తర్ అడవి

మన హేతువాద సమావేశాల్లో ఒక ప్రశ్న తరచూ వస్తుంటుంది. "మతగ్రంథాలు అంత లోతుగా చదువుకున్నవాళ్లు మతాన్ని ఎందుకు వదలరండీ?" అని. వదిలినవాళ్లు లేకపోలేదు. ఫ్రాన్సిస్కన్ సన్యాసిగా ఉండి 1896లో మఠం వదిలి, జీవితాంతం హేతువాద పుస్తకాలు రాసిన జోసెఫ్ మెకేబ్ పేరు మన పెద్దవాళ్లు చెబుతుంటారు. కానీ మనకు బాగా దగ్గర్లో, భద్రాచలం దాటి చింతూరు, కుంట మీదుగా వెళ్తే వచ్చే బస్తర్ అడవుల్లో పనిచేసిన ఒక ఆంగ్లికన్ పాదిరి పేరు మాత్రం మనవాళ్ల నోట పెద్దగా వినపడదు. ఆయన వెరియర్ ఎల్విన్.

తెలిసినవాళ్లు కూడా ఆయన్ని "గిరిజనుల మీద పుస్తకాలు రాసిన ఇంగ్లీషాయన" అనే గుర్తుపెట్టుకున్నారు. ఆక్స్‌ఫర్డ్‌లో దైవశాస్త్రం బోధించినవాడు, గురుపట్టం పొందినవాడు, ఒక బిషప్ కొడుకు అన్న సంగతి వెనక్కి పోయింది. నాకైతే ఆ వెనక్కి పోయిన సంగతే ముఖ్యం అనిపిస్తుంది. ఆయన జీవితంలో మనకు నచ్చేవీ ఉన్నాయి, మనల్ని గుచ్చేవీ ఉన్నాయి. రెండూ రాస్తాను.

ముందుగా ఒక సరదా సంగతి. ఎల్విన్ 1902 ఆగస్టు 29న ఇంగ్లండులోని డోవర్‌లో పుట్టాడు. ఆగస్టు 29 అంటే మన గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు, మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకునే రోజు. గిడుగు వారు సవరల భాష నేర్చుకుని ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆ సవరల మతం మీదే ఎల్విన్ తర్వాత ఒక పెద్ద పుస్తకం (1955) రాశాడు. జ్యోతిష్కులు సంబరపడనక్కర్లేదు. ఏడాదికి ఉన్నవి 365 రోజులే, ఇలాంటివి కలుస్తూనే ఉంటాయి. మరో కలయిక మనకు ఇంకా ఇష్టమైనది. అదే 1902 నవంబరు 15న గోరాగారు పుట్టారు. ఆయన దగ్గరికి తర్వాత వస్తాను.

ఎల్విన్ తండ్రి పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కు ఆంగ్లికన్ బిషప్. 1909లో, కొడుక్కి ఏడేళ్లు నిండకముందో నిండగానేనో పోయాడు. తల్లి గట్టి భక్తురాలు. బైబిల్‌లో ప్రతి అక్షరం నిజం అని నమ్మే ఇల్లు అది. కుర్రవాడు ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కాలేజీలో చేరి ఇంగ్లీషు సాహిత్యంలో మొదటి తరగతి, ఆ తర్వాత దైవశాస్త్రంలో మొదటి తరగతి తెచ్చుకున్నాడు. 1926లో వైక్లిఫ్ హాల్ అనే పాదిరీల శిక్షణ కళాశాలకు వైస్ ప్రిన్సిపల్ అయ్యాడు. అప్పటికి వయసు 24. మరుసటి ఏడాది మెర్టన్‌లోనే అధ్యాపకుడు. ఆ దారిలోనే నడిచి ఉంటే ప్రొఫెసరో, తండ్రిలాగా బిషప్పో అయి రిటైరయ్యేవాడు.

1927 నవంబరులో ఇండియాకు ఓడ ఎక్కాడు. జాక్ విన్‌స్లో అనే పాదిరి పుణేలో నడుపుతున్న క్రైస్ట సేవా సంఘంలో చేరడానికి. ఇంగ్లీషువాళ్లు ఈ దేశం నుంచి తీసుకున్నదే తప్ప ఇచ్చింది లేదు, మా కుటుంబం తరఫున ఒకడైనా ఇవ్వడానికి వెళ్లాలి అన్నది అప్పటి ఆలోచన. 1928 జనవరిలో సబర్మతి ఆశ్రమం చూశాడు, గాంధీజీని కలిశాడు. అంతే, ఖద్దరు కట్టాడు. గాంధీ ఆయన్ని కొడుకులా చూసుకున్నారు. 1932 జనవరి 4న బొంబాయి మణి భవన్‌లో గాంధీని పోలీసులు అరెస్టు చేయడానికి వచ్చిన తెల్లవారుజామున ఎల్విన్ ఆ మేడ మీదే ఉన్నాడు.

ఇదే రోజుల్లో ఆయన దైవశాస్త్ర రచన కూడా సాగింది. మధ్యయుగపు క్రైస్తవ ధ్యానమార్గం మీద 1930లో ఒక పుస్తకం, రిచర్డ్ రోల్ అనే పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లీషు ముముక్షువు మీద అదే ఏడాది మరొకటి, అసీసీ ఫ్రాన్సిస్ మీద 1933లో ఇంకొకటి. క్రైస్తవ భక్తికీ, ఇక్కడి భక్తి సంప్రదాయాలకూ పోలిక వెతకడం ఆ రచనల్లో కనిపిస్తుంది. అంటే 1930 నాటికి ఈయన వందశాతం నమ్మకస్తుడే. గమనించండి, నమ్మకం పోవడానికి ముందు అది ఎంత గట్టిగా ఉందో తెలిస్తేనే పోవడం విలువ తెలుస్తుంది.

1932 జనవరి చివరలో మిత్రుడు శ్యామ్‌రావ్ హివాలేతో కలిసి మైకల్ కొండల్లో, అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్ మండ్లా జిల్లాలో, కరంజియా అనే గోండు పల్లెకు చేరాడు. పాకలు వేసుకున్నారు. ఒక చిన్న ఆస్పత్రి, ఒక బడి, కుష్ఠురోగుల కోసం ఒక ఆశ్రయం. ఇక్కడే అసలు చిక్కు మొదలైంది. నాగపూర్ బిషప్ అలెక్స్ వుడ్, పాదిరిగా పనిచేయడానికి లైసెన్సు కావాలంటే చక్రవర్తికి విధేయత ప్రమాణం చేయాలన్నాడు, గోండులకు సువార్త ప్రకటించాలన్నాడు. ఎల్విన్ రెండూ కుదరవన్నాడు. నేను వైద్యం చేయడానికి వచ్చాను, మతం మార్చడానికి రాలేదన్నాడు. బిషప్ లైసెన్సు ఇవ్వలేదు. ఇంకో మూడేళ్లు ఊగిసలాడి, 1935లో ఇంగ్లండు చర్చితో తెగతెంపులు చేసుకుంటున్నట్టు పై అధికారులకు రాసేశాడు.

ఇక్కడ మన మిత్రులు ఒక పొరపాటు పడుతుంటారు. "ఓహో, సైన్సు చదివి, బైబిల్‌లోని వైరుధ్యాలు చూసి వదిలేశాడన్నమాట" అనుకుంటారు. కాదు. బైబిల్ వైరుధ్యాలు ఆక్స్‌ఫర్డ్‌లో మొదటి తరగతి తెచ్చుకున్నవాడికి తెలియక కాదు. ఎల్విన్ నాస్తికవాద గ్రంథం ఒక్కటీ రాయలేదు. ఏ వేదిక మీదా దేవుడు లేడని వాదించలేదు. చివరి రోజుల్లో బౌద్ధం వైపు కాస్త మొగ్గాడు కూడా. మరి ఏం జరిగింది? తన సిద్ధాంతం ప్రకారం క్రీస్తును ఎరుగని ఈ మనుషులు చీకట్లో ఉండాలి. తీరా వెళ్లి వాళ్ల మధ్య బతికితే, నవ్వేవాళ్లు, పాడేవాళ్లు, చచ్చినవాళ్ల కోసం ఏడ్చేవాళ్లు, అప్పులిచ్చినవాడి చేతిలో నలిగేవాళ్లు కనిపించారు. వాళ్లకు కావలసింది క్వినైను, కావలసింది భూమి పట్టా, కావలసింది ఫారెస్టు గార్డు బెడద తప్పడం. సిద్ధాంతం చెప్పిన చీకటి కనిపించలేదు, ఎవరూ చెప్పని దోపిడీ కనిపించింది. ఎదురుగా ఉన్నదాన్ని చూసి, దానికి సరిపోని సిద్ధాంతాన్ని పక్కన పెట్టడం కంటే హేతువాదం ఇంకేముంది?

అదే కొలబద్దతో గాంధీవాదాన్నీ చూశాడు. పత్తి పండని కొండల్లో రాట్నం తిప్పమనడంలో అర్థం లేదన్నాడు. ఇప్పసారా లేకుండా గోండులకు పెళ్లి లేదు, చావు లేదు, దేవుడికి పూజ లేదు. దాన్ని మద్యనిషేధం పేరుతో ఆపితే వాళ్ల బతుకులో సగం ఆపినట్టే అన్నాడు. బ్రహ్మచర్యం విషయంలో గాంధీ మాట అసలే రుచించలేదు. చర్చిని ప్రశ్నించి గాంధీని ప్రశ్నించకుండా వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఈయన రెంటినీ ప్రశ్నించాడు. అందుకు ఆయనంటే నాకు గౌరవం.

ఇప్పుడు గోరాగారి సంగతి. ఇద్దరూ 1902లో పుట్టినవాళ్లే. ఒకరు పాదిరిగా గాంధీ దగ్గరికి వెళ్లి అక్కడినుంచి మతం వదిలే దాకా వచ్చాడు. ఇంకొకరు నాస్తికత్వం వల్ల 1933లో కాకినాడ కాలేజీలో ఉద్యోగం పోగొట్టుకుని, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, ఆ తర్వాత 1944లో నాస్తికుడిగానే సేవాగ్రామ్ వెళ్లి గాంధీతో కూర్చుని వాదించారు. ఎల్విన్ గాంధీకి దూరమైన కాలంలో గోరా దగ్గరయ్యారు. ఇద్దరికీ ఉమ్మడి అంశం ఒక్కటే, పల్లెలో కాపురం. గోరాగారు ముదునూరులో సహపంక్తి భోజనాలు పెట్టకుండా నాస్తికత్వం మాత్రమే ఉపన్యసించి ఉంటే ఎవరు వినేవారు? అయితే ఒక తేడా ఉంది. పల్లెవాళ్లు కూడా తమ ఆలోచన మార్చుకోగలరు, మార్చుకోవాలి అని గోరా అనుకున్నారు. ఎల్విన్ అలా అనుకున్నాడా? ఆ ప్రశ్నకు జవాబు బస్తర్‌లో దొరుకుతుంది.

1940లో ఎల్విన్ బస్తర్ సంస్థానానికి వచ్చాడు. దాదాపు 13 వేల చదరపు మైళ్ల అడవి రాజ్యం, 1941 లెక్కల్లో జనం 6 లక్షల పైచిలుకు. అక్కడి రాజులు తాము వరంగల్ కాకతీయుల వంశమనీ, ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు తమ మూలపురుషుడనీ చెప్పుకుంటారు. దంతేశ్వరి అమ్మవారు వెంట నడిచి వచ్చిందన్న కథ కూడా ఉంది. రాజులకు వంశవృక్షం, దేవత అండ రెండూ అవసరమే కదా! సంస్థానం ఎల్విన్‌కు గౌరవ నృవంశ శాస్త్రవేత్త పదవి ఇచ్చింది, జనాభా లెక్కల పనీ అప్పగించింది. ఇంద్రావతి నది మీద చిత్రకోట్ జలపాతం దగ్గర ఇల్లు వేసుకున్నాడు. ఇప్పుడు అక్కడికి హైదరాబాద్, విశాఖ నుంచి టూరిస్టు బస్సులు వెళ్తున్నాయి. జలపాతం ముందు ఫోటో దిగేవాళ్లలో ఆయన పేరు విన్నవాళ్లు ఎంతమంది ఉంటారో!

బస్తర్‌లో ఆయన చేసిన పనిలో రెండు పుస్తకాలు ప్రతి హేతువాదీ తెలుసుకోవలసినవి. మొదటిది 1943లో వచ్చిన మారియాల హత్యలు, ఆత్మహత్యల అధ్యయనం. దక్షిణ బస్తర్‌లో దున్నకొమ్ముల తలపాగా పెట్టి నాట్యమాడే మారియాల్లో హత్యలు ఎక్కువని పేరు. "అడవి మనుషులు, వాళ్ల రక్తమే అంత" అని బయటివాళ్ల వివరణ. ఎల్విన్ 100 హత్య కేసుల కోర్టు రికార్డులు ముందేసుకుని కూర్చున్నాడు. జగదల్‌పూర్ జైల్లో ఖైదీలతో మాట్లాడాడు. ఊళ్లకు వెళ్లాడు. ఒక్కో హత్య ఎందుకు జరిగిందో విడదీశాడు. తాగిన మైకం, ఆలుమగల తగాదా, అనుమానం, ఆస్తి గొడవ, రోజంతా పనిచేసి అలసి వచ్చినవాడి చిరాకు, చేతబడి చేశారన్న భయం. చూడండి, ఇందులో రక్తం ఎక్కడుంది? మనూళ్లలో మన పోలీస్ స్టేషన్లలో నమోదయ్యే కేసుల కారణాలు కూడా ఇవే.

చేతబడి భయం ఆ కారణాల్లో ఒకటి మాత్రమే. కానీ ఆ భయం పట్టినవాడికి అది కత్తికన్నా నిజం. బిడ్డ చచ్చిపోయింది, పొరుగు ముసలమ్మ చేసింది అని అతను నిజంగానే నమ్ముతాడు. ఎల్విన్ ఆ నమ్మకం నిజమని ఎక్కడా అనలేదు. అలాగని నవ్వనూ లేదు. హంతకుడి మనసులో ఏం నడిచిందో అర్థమయ్యేలా రాశాడు. హత్యను అర్థం చేసుకోవడం వేరు, సమర్థించడం వేరు అన్న తేడా ఆయనకు బాగా తెలుసు.

రెండోది 1947లో వచ్చిన మురియాల ఘోతుల్ గ్రంథం. 700 పేజీలు దాటిన పుస్తకం. ఉత్తర బస్తర్‌లో కొండగావ్, నారాయణపూర్ వైపు మురియా పల్లెల్లో పెళ్లికాని పిల్లలందరూ రాత్రిళ్లు ఒకచోట చేరి ఆడి పాడి నిద్రపోయే ఇల్లు ఘోతుల్. అబ్బాయిలు చేలిక్‌లు, అమ్మాయిలు మోతియారీలు. లింగో దేవుడు దాన్ని పెట్టాడని వాళ్ల కథ. కొన్ని ఘోతుళ్లలో జంటలు స్థిరంగా ఉంటాయి. మరికొన్నింటిలో ఒకే జంట ఎక్కువ రోజులు కలిసి ఉండకూడదు, ఉంటే జరిమానా. సొంతం అన్న భావం పెరగకూడదని. బ్రహ్మచర్య వ్రతం పట్టి వదిలేసిన ఒక మాజీ పాదిరి ఇది చూసి ఎంత ఉక్కిరిబిక్కిరయి ఉంటాడో ఊహించుకోండి. ఆ పుస్తకంలో పొగడ్త పాలు ఎక్కువే. కానీ శాస్త్రం పాలూ ఉంది. ఘోతుల్‌లో గర్భాలు తక్కువ అన్నదానికి మురియాలు చెప్పే దేవుడి కారణాలు రాసుకుని, అక్కడితో ఆగకుండా ఆ వయసు శరీరధర్మం గురించి శాస్త్రం ఏం చెబుతుందో కూడా చర్చకు పెట్టాడు.

అయితే ఒక చోట నేను ఆయనతో ఏకీభవించను. మురియాల్లో నేరాలు తక్కువ, మారియాల్లో ఎక్కువ. మురియాలకు ఘోతుల్ ఉంది, ఈ మారియాలకు అలాంటిది లేదు. కాబట్టి ఘోతుల్ నేర్పే కలివిడితనం నేరాన్ని తగ్గిస్తోంది అన్నది ఆయన వాదనల్లో ఒకటి. రెండు విషయాలు పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం కాదని మనం మూఢనమ్మకాల గురించి చెప్పే ప్రతి క్లాసులోనూ చెబుతాం. తాయెత్తు కట్టాక జ్వరం తగ్గింది, కాబట్టి తాయెత్తు తగ్గించింది అనేవాడికి మనం ఏం చెబుతామో, ఇష్టమైన రచయితకూ అదే చెప్పాలి. ఘోతుల్ మీద తర్వాత పనిచేసిన సిమెరన్ గెల్ 1992లో తన పుస్తకంలో వేరే కోణంలో, మురియా సమాజపు కట్టుబాట్ల వైపు నుంచి దాన్ని చూపించారు. ఒకరి కళ్లతో చూసిన స్వర్గం ఇంకొకరు వెళ్లి చూసేదాకా స్వర్గంలాగే ఉంటుంది.

అసలు గుచ్చుకునే సంగతి ఇది. 1939లో వచ్చిన బైగాల పుస్తకంలో ఎల్విన్, ఆదివాసీలను బయటివాళ్ల నుంచి కాపాడటానికి నేషనల్ పార్కు లాంటి ఒక ప్రాంతం కేటాయించాలన్నాడు. వడ్డీవ్యాపారి, సారా కాంట్రాక్టరు, మిషనరీ, ఎవరూ ఇష్టం వచ్చినట్టు చొరబడకూడదు. ఠక్కర్ బాపా లాంటి వాళ్లు ఇది మనుషుల్ని జూలో పెట్టడమే అని మండిపడ్డారు. జి.ఎస్. ఘుర్యే 1943లో ఒక పుస్తకమే రాసి, ఆదివాసులంటూ వేరే ఎవరూ లేరు, వాళ్లు వెనకబడిన హిందువులు అన్నాడు. అంటే ఒకరు వాళ్లను క్రైస్తవులు చేస్తామంటారు, ఒకరు వాళ్లు ఇప్పటికే హిందువులంటారు, ఎల్విన్ వాళ్లను ఉన్నచోట ఉన్నట్టే ఉంచమంటాడు. 1944లో మండ్లాలో డచ్ మిషనరీల బడుల మీద పోరాడేటప్పుడు ఈ మాజీ పాదిరి హిందూ నాయకుల సాయం కూడా తీసుకున్నాడు. ఈ ముగ్గురిలో ఎవరైనా ఆ పల్లెలోని ఒక గోండు మనిషిని పిలిచి "నువ్వేమంటావు?" అని అడిగారా? అడగలేదని నేననను, ఎల్విన్ అందరికంటే ఎక్కువే అడిగాడు. కానీ విధానం రాసేటప్పుడు మాత్రం ఆ మనిషి కనబడడు, "తెగ" కనబడుతుంది.

ఇంట్లోనూ అదే జరిగింది. 1940లో కోశీ అనే రాజగోండు అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. వయసులో ఆయనకంటే చాలా చిన్నది. బస్తర్‌లో ఆయన పనిచేసిన రోజుల్లో పక్కన ఉన్నది ఆమే. 1949లో విడాకులు. తర్వాత ఆయన మరో ఆదివాసీ స్త్రీ లీలాను చేసుకుని షిల్లాంగ్‌లో స్థిరపడ్డాడు. కోశీ పేదరికంలో చాలా ఏళ్లు బతికింది. 1964లో వచ్చిన ఆయన ఆత్మకథకు మరుసటి ఏడాది సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అందులో కోశీకి దక్కింది కొద్ది మాటలు. తెగ గురించి 700 పేజీలు రాసిన మనిషి, ఆ జనంలోంచి వచ్చిన సొంత భార్య గురించి కొన్ని వాక్యాలతో సరిపెట్టాడు. రామచంద్ర గుహా 1999లో రాసిన జీవితచరిత్ర వచ్చాకే చాలామందికి ఆమె సంగతి తెలిసింది.

న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. ఎల్విన్ తన అభిప్రాయాన్ని తర్వాత మార్చుకున్నాడు. 1954లో భారత పౌరసత్వం తీసుకున్నాడు, ఈశాన్య సరిహద్దు ప్రాంతంలో గిరిజన వ్యవహారాల సలహాదారు అయ్యాడు. 1957 నాటి నెఫా పుస్తకంలో మ్యూజియం ఆలోచనను తోసిపుచ్చాడు. అభివృద్ధి రావాలి, కానీ వాళ్ల పద్ధతిలో, వాళ్ల చేతుల మీదుగా రావాలన్నాడు. దాని రెండో కూర్పుకు ముందుమాట రాసింది నెహ్రూ. 1961లో పద్మభూషణ్. 1964 ఫిబ్రవరి 22న ఢిల్లీలో చనిపోయాడు.

ఇదంతా పాత కథ, ఇప్పుడెందుకు అంటారా? ఇప్పటి బస్తర్‌నే చూడండి. 2022 చివర్లో నారాయణపూర్, కొండగావ్ వైపు, అదే ఘోతుళ్ల సీమలో, క్రైస్తవంలోకి వెళ్లిన ఆదివాసీ కుటుంబాలను ఊళ్లలోంచి తరిమారు. 2023 జనవరి 2న నారాయణపూర్‌లో చర్చిని ధ్వంసం చేశారు. 2025 జనవరి 7న బస్తర్ జిల్లా ఛింద్‌వాడా గ్రామంలో ఒక పాస్టర్ చనిపోతే, ఊరి శ్మశానంలో పాతిపెట్టనివ్వలేదు. శవం మార్చురీలో, కొడుకు సుప్రీంకోర్టులో. జనవరి 27న ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. జస్టిస్ నాగరత్న సొంత పొలంలో పాతిపెట్టుకోనివ్వమన్నారు, జస్టిస్ శర్మ కేటాయించిన చోటే జరగాలన్నారు. శవాన్ని ఇంకా ఆపలేరు కాబట్టి చివరికి 20, 25 కిలోమీటర్ల అవతల కర్కాపాల్ క్రైస్తవ శ్మశానంలో చేయమని ఆదేశించారు. ఇరవై రోజులు ఒక మనిషికి తన ఊళ్లో ఆరడుగుల నేల దొరకలేదు, చివరికీ దొరకలేదు.

తరిమినవాళ్ల నోట వినిపించే మాట ఏమిటంటే, "ఆదివాసీ సంస్కృతిని కాపాడుకుంటున్నాం." ఈ మాట ఎల్విన్ మాటలాగే వినబడుతుంది. ఎల్విన్ దీన్ని ఒప్పుకునేవాడని నేను అనుకోను. ఆయన బిషప్‌తో పోట్లాడింది తన మనస్సాక్షి స్వేచ్ఛ కోసం. చర్చి వదిలే హక్కు ఆక్స్‌ఫర్డ్ పట్టభద్రుడికి ఉన్నట్టే, చర్చిలో చేరే హక్కు, మళ్లీ మానేసే హక్కు, అసలు ఏ దేవుడూ వద్దనే హక్కు మారియా కూలీకీ ఉంటాయి. సంస్కృతి ఒక మనిషి ఎంచుకుంటే అతనిది. ఎంచుకోనివ్వకపోతే అది ఊరి పెద్దల పెత్తనం, అంతే. మనం క్రైస్తవాన్ని విమర్శిస్తాం, విమర్శిస్తూనే ఉంటాం. దశమభాగాలు దండుకునే స్వస్థత సభల్ని ఎండగడతాం. అది వేరు. పాస్టర్ శవాన్ని ఊళ్లో పాతనివ్వకపోతే మాత్రం హేతువాది ఆ కొడుకు పక్కన నిలబడాలి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఇక మన పని సంగతి. మా సంఘంలో ఈమధ్య ఒక ప్రతిపాదన వచ్చింది. సరిహద్దు దాటి కుంట వైపు, తెలుగు వచ్చిన దొర్లా, కోయ పల్లెల్లో మూఢనమ్మకాల నిర్మూలన కార్యక్రమం చేద్దామని. నిప్పుల మీద నడవడం, నాలుకకు శూలం గుచ్చుకోవడం, గాల్లోంచి విభూతి తీయడం, మామూలు ప్రదర్శనలే. నేను వెళ్లాలనే వాదించాను. చేతబడి పేరుతో మనుషుల్ని చంపుతుంటే సంస్కృతి అని ఊరుకోవడం నా వల్ల కాదు. ఛత్తీస్‌గఢ్‌లో 2005లో టోనహీ వేధింపుల నివారణ చట్టం వచ్చింది. టోనహీ అంటే మంత్రగత్తె అని ముద్ర వేయడమే ఆ చట్టం కింద నేరం. ఆ చట్టం సంగతి ఆ పల్లెల్లో ఎవరికి తెలుసు? చెప్పాల్సింది మనలాంటి వాళ్లే. కానీ గాల్లోంచి విభూతి తీసే బాబాలు ఆ పల్లెల్లో లేరు. వాళ్లు మన పట్నాల్లో ఉంటారు. అక్కడున్నది సిర్హా, గునియా, మన వైపైతే వడ్డె. వాళ్లకు ఏసీ ఆశ్రమాలు లేవు, ఊళ్లో అందరిలాగే వాళ్లూ కూలీకి పోతారు.

నేను ఏజెన్సీ బడుల్లో పంతులుగా చాలా ఏళ్లు పనిచేశాను. ఒకసారి మా బడి పిల్లవాడికి చలిజ్వరం. తండ్రి వడ్డెను పిలిచాడని తెలిసి వెళ్లాను. "ఇదేం పని, ఆస్పత్రికి తీసుకెళ్లరా" అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. "వడ్డె పొద్దుగూకేసరికి వస్తాడు సారూ. డాక్టరుబాబు ఎప్పుడొస్తాడో మీరు చెప్పండి, అప్పటిదాకా ఆపుతా" అన్నాడు. అది మూఢనమ్మకమా, లెక్కా? రెండూ కలిసి ఉన్నాయి. రెంటినీ విడదీయాలంటే మొదట డాక్టరు రావాలి. ఆ రోజు మేము పిల్లవాణ్ణి మంచం మీద మోసుకెళ్లాం, వడ్డె కూడా ఒక కొమ్ము పట్టాడు.

బస్తర్‌లో సిర్హా పలుకుబడిని ఉపన్యాసాల కంటే ఎక్కువగా తగ్గించగలిగేది నా లెక్కలో రక్తపరీక్ష. 2020 జనవరిలో మలేరియా ముక్త్ బస్తర్ కార్యక్రమం మొదలుపెట్టి ఇంటింటికీ తిరిగి, జ్వరం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ వేలి మీద సూది గుచ్చి పరీక్షించారు, దగ్గరుండి మాత్రలు మింగించారు. వాగులు దాటి ఆ పని చేసినవాళ్లలో మితానిన్‌లు ఉన్నారు, అంటే ఆ ఊరి ఆడవాళ్లే. జ్వరం దోమ వల్ల వస్తుందని బయటి మనిషి వందసార్లు చెబితే ఒకలా ఉంటుంది, మాత్రతో తగ్గిన జ్వరం ఇంకోలా ఉంటుంది. జ్వరం తగ్గితే "ఎవరు చేశారు?" అన్న ప్రశ్నే రాదు. ఆ ప్రశ్న రాకపోతే పొరుగు ముసలమ్మ బతికిపోతుంది.

అందుకని సంఘంలో నేను చెప్పింది ఇది. వెళ్దాం. శూలాలు, నిప్పులు ఇంట్లో పెట్టి వెళ్దాం. ఒక డాక్టర్ని, గోండీ వచ్చిన ఒక మనిషిని, 2005 చట్టం గురించి చెప్పగల ఒక లాయర్ని తీసుకెళ్దాం. ఒక్కరోజు పోయి రావడం కాకుండా నెలనెలా ఒకే ఊళ్లకు వెళ్దాం. వాళ్లడిగితే దేవుడి గురించి మన అభిప్రాయం దాచకుండా చెబుదాం, అడగకపోతే మందు ఇచ్చి వద్దాం. దీనికి ఒక మిత్రుడు అన్నాడు, "అయితే మనకీ సోషల్ సర్వీసు వాళ్లకీ తేడా ఏంటండీ?" అని. తేడా ఉంది. మంత్రగత్తె అని ఒక ఆడమనిషిని కొడుతుంటే సోషల్ సర్వీసు వాళ్లు కొందరు తమ పనికి ఇబ్బంది అని తల తిప్పుకోవచ్చు. మనం తిప్పుకోకూడదు. మతం మారినవాడి శవాన్ని ఆపితే వాళ్లు అది తమ పరిధి కాదనవచ్చు. మనం అనకూడదు.

ఎల్విన్ దగ్గర నేను తీసుకునేది ఆయన పద్ధతి. ముందు వెళ్లు, ఉండు, చూడు, లెక్కపెట్టు, తర్వాత మాట్లాడు. చూసినదానికి సరిపోకపోతే బిషప్ చెప్పినా, మహాత్ముడు చెప్పినా పక్కన పెట్టు. తీసుకోనిది, ఒక తెగ మొత్తానికి ఏది మంచిదో బయటివాడు తేల్చగలడన్న ధీమా. ఆ ధీమా మిషనరీకి ఉంది, ఘుర్యేకి ఉంది, కొంతకాలం ఎల్విన్‌కూ ఉంది. హేతువాదికి రాకుండా చూసుకోవాలి. ఆక్స్‌ఫర్డ్ దైవశాస్త్ర పండితుడు తన మనసు తానే మార్చుకోగలిగాడు. వడ్డెతో పాటు మంచం మోసిన ఆ కోయ తండ్రికీ ఆ శక్తి ఉంది. మన పని అతని చేతికి సమాచారం అందించడం, నిర్ణయం అతనికి వదలడం.

కార్యక్రమానికి మా సంఘం ఇంకా తేదీ ఖరారు చేయలేదు. గోండీ మాట్లాడగల మిత్రులు ఎవరైనా ఉంటే ముందుకు రావాలని కోరుతున్నాను. డాక్టర్లయితే మరీ మంచిది.